మైనస్ కనిపిస్తే ముందు సున్నాను వెతకాలి

2024 నీట్ ఫలితాల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకో జవాబు వచ్చాయి. పరీక్ష పెట్టిన ఎన్‌టీఏ రెండింటికీ మార్కులు వేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే, సరైన జవాబు ఒక్కటేనని వాళ్లు తేల్చారు. జూలై 23న కోర్టు అదే ఖాయం చేసింది. దాంతో రెండో జవాబు పెట్టిన 4 లక్షల మందికి పైగా విద్యార్థులకు తలా 5 మార్కులు తగ్గాయి. 720కి 720 వచ్చినవాళ్లు 61 మంది కాస్తా 17 మంది అయ్యారు.

ఆ ప్రశ్నకు ఉన్నవే 4 మార్కులు. మరి 5 ఎలా పోయాయి? కోచింగ్‌కు వెళ్లే పిల్లలకు ఇది ప్రశ్నే కాదు. కానీ మామూలుగా మార్కులంటే సున్నా నుంచి పైకి లెక్కపెట్టేవాళ్లకు కాస్త తికమకగానే ఉంటుంది. తప్పు జవాబుకు ఇక్కడ వచ్చేది సున్నా కాదు, −1. నిన్నటిదాకా +4 ఉన్నచోట ఇవాళ −1 ఉంది. ఈ రెంటి మధ్య దూరం 4 − (−1), అంటే 5. స్కూల్లో ‘మైనస్ ఆఫ్ మైనస్ ప్లస్ అవుతుంది’ అని బట్టీ పట్టించే సూత్రం, అన్ని లక్షల మంది ర్యాంకుల మీద ఒకేరోజు పనిచేసిన సందర్భం ఇది.

ఇలాంటి పరీక్షలో సున్నా అంటే ఏమీ రానివాడి మార్కు కాదు, తెల్ల కాగితం ఇచ్చి వచ్చినవాడి మార్కు. దాని కింద చాలా చోటుంది: 180 ప్రశ్నలూ తప్పు పెడితే −180. అందుకే మార్కుల చుట్టూ పుట్టిన నమ్మకాలను ఒకసారి లెక్కవేసి చూడటం మంచిది. ‘తెలియని ప్రశ్నకు గుడ్డిగా పెడితే నష్టమే’ అనేది వాటిలో ఒకటి. నీట్, జేఈఈ మెయిన్ రెండింట్లోనూ నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు సరైన జవాబుకు +4, తప్పుకు −1. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. అంటే 4 − 3 = +1. సగటున లాభమే! యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లోనూ, మన ఏపీపీఎస్సీ పరీక్షల్లోనూ తప్పుకు మూడో వంతు కోత. అక్కడ నాలుగు ప్రశ్నలకు ఒకటి తగిలి మూడు పోతే వచ్చింది, పోయింది సరిసమానం. మూడో వంతు అనే కోత గుడ్డి ఊహకు సగటున సున్నా వచ్చేలా సరిగ్గా అతుకుతుంది. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఖాయంగా కాదని తెలిసిందంటే అక్కడ కూడా తూకం విద్యార్థి వైపు మొగ్గుతుంది.

అయితే సగటు వేరు, ఒక్కరోజు పరీక్ష వేరు. నీట్‌లో 10 ప్రశ్నలు గుడ్డిగా పెట్టినవాడికి రెండు కంటే తక్కువ తగిలితే మొత్తం మైనస్‌లోకి వెళ్తుంది. అలా జరిగే అవకాశం సుమారు 24 శాతం. సరిగ్గా రెండు తగిలి లాభనష్టాలు లేకుండా బయటపడే అవకాశం 28 శాతం. లాభం వచ్చే అవకాశం సగానికి కాస్త తక్కువే. మార్కు తేడాతో వేల ర్యాంకులు మారిపోయే చోట ఇంత రిస్కు తీసుకోవాలా వద్దా అనేది లెక్క చెప్పే విషయం కాదు, ఎవరి గుండె ధైర్యం వాళ్లది. తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లో మాత్రం మైనస్ మార్కులే లేవు. అక్కడ ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా అమాయకత్వమే.

పరీక్షలో సున్నా ఎక్కడుందో నిబంధనల్లోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మిగతా చోట్ల అంత తేలిక కాదు. ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్న అరవై ఏళ్ల ఆవిడ రిపోర్టులో టీ-స్కోర్ −1.4 అని వస్తుంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎముకలు మైనస్‌లోకి పోవడమేంటి? ఆ రిపోర్టులో సున్నా అంటే ఎముక లేకపోవడం కాదు, ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు సాంద్రత. −1 అంటే ఆ సగటు కంటే ఒక ప్రామాణిక విచలనం (మనుషుల కొలతలు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) తక్కువ. −1 దాకా మామూలే అనీ, −2.5 గానీ అంతకంటే కిందకు గానీ పోతే ఎముకలు గుల్లబారినట్టు అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మధ్యలో ఉన్నది జాగ్రత్త పడాల్సిన దశ. అసలు సున్నానే సగటు అయినప్పుడు, నిక్షేపంగా ఉన్న యువతుల్లోనూ దాదాపు సగం మంది దానికి కిందే ఉంటారు. కాబట్టి ఆ కాగితం మీద మైనస్ గుర్తు ఒక్కటే చూసి భయపడటంలో అర్థం లేదు, ఎంత మైనస్ అన్నదే చూడాలి. అంగన్‌వాడీలో పిల్లల బరువు, ఎత్తు రాసే చార్టుల వెనకా ఇదే లెక్క ఉంది. అక్కడ −2 దాటితే పోషణ లోపం, −3 దాటితే తీవ్రమైన లోపం.

ఉష్ణోగ్రత సంగతీ అంతే. ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానం ప్రతిపాదించినప్పుడు నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. ఇప్పుడు మనం వాడేది దాన్ని తలకిందులు చేసిన రూపం, అతను చనిపోయాక స్థిరపడింది. ఆ సున్నా నీటి స్వభావాన్ని బట్టి పెట్టుకున్న గుర్తు మాత్రమే. ఫ్రీజర్‌లో −18 డిగ్రీలున్నా అందులో వేడి లేకపోలేదు. వేడి పూర్తిగా అడుగంటే చోటు −273.15 దగ్గర ఉంది, దాని కిందకు దిగడం కుదరదు. ‘లంబసింగిలో 5 డిగ్రీలు, విశాఖలో 20, అంటే విశాఖ నాలుగు రెట్లు వేడి’ అనే మాట ఎందుకు తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. తేడా 15 డిగ్రీలని చెప్పొచ్చు, రెట్లు చెప్పడానికి వీల్లేదు.

వానాకాలంలో పేపర్లలో వచ్చే జలాశయాల అంకెలు ఇంకో రకం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. అవి నీటి లోతులు కావు, సముద్ర మట్టం సున్నాగా తీసుకున్న ఎత్తులు. అదే సున్నాతో కోలార్ బంగారు గనులను కొలిస్తే తమాషాగా ఉంటుంది. గని లోతు 3 కిలోమీటర్లకు పైగానే, కానీ ఆ ఊరే సముద్ర మట్టానికి కిలోమీటరుకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. గని అడుగుభాగం నేల నుంచి చూస్తే −3 కిలోమీటర్ల కింద, సముద్రం నుంచి చూస్తే −2 కిలోమీటర్ల కింద. రెండూ నిజమే.

సున్నాను అసలు పెట్టకపోతే ఏమవుతుందో క్రీస్తుశకం చూపిస్తుంది. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వచ్చేస్తుంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 63లో పుట్టాడు. మామూలు తీసివేతతో చూస్తే అతని రెండు వేల ఏళ్ల పుట్టినరోజు 1937లో రావాలి, నిజానికి వచ్చేది 1938లో. శాతవాహనుల కాలం లెక్కలు వేసేటప్పుడు కూడా ఈ ఒక్క ఏడాది తేడా చూసుకోవాలి. ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ బాధ పడలేక క్రీ.పూ. 1ని సున్నా అనీ, క్రీ.పూ. 2ని −1 అనీ రాసుకుంటారు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో గ్రౌండ్ ఫ్లోర్‌ను సున్నా అనుకుంటే రెండో సెల్లార్ నుంచి అయిదో అంతస్తుకు 5 − (−2) = 7 అంతస్తులు, లెక్క చక్కగా కుదురుతుంది. నేల అంతస్తునే ఒకటి అనే అమెరికా భవనాల్లో మళ్లీ ఒకటి తేడా వస్తుంది.

ఇప్పుడు కళ్లద్దాలు. రోజూ ముఖం మీద రుణ సంఖ్యను పెట్టుకు తిరిగే జనం మనలో ఎంతమందో! ‘సైట్ −2 ఉండేది, ఇప్పుడు −3 అయింది, పవర్ పెరిగింది’ అంటారు. గణితంలో −3 అనేది −2 కంటే చిన్నది. మరి పెరిగిందనడం తప్పా? తప్పేం కాదు. మైనస్ అనేది అద్దం రకాన్ని చెబుతుంది, అంటే మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉండే పుటాకార కటకం. 3 అనేది దాని బలాన్ని చెబుతుంది. జనం పోల్చుకునేది ఆ బలాన్నే, అంటే సున్నా నుంచి ఉన్న దూరాన్ని. ‘అప్పు పెరిగింది’ అన్నప్పుడూ ఇదే పని చేస్తాం. లక్ష అప్పున్నవాడు రెండు లక్షల అప్పున్నవాడి కంటే మెరుగైన స్థితిలో ఉన్నాడని అందరికీ తెలుసు, అయినా రెండోవాడి అప్పు ‘పెద్దది’ అనే అంటాం. పెద్ద అనే ఒకే మాట రెండు పనులకు వాడుతున్నాం కాబట్టి, −5 పెద్దదా −2 పెద్దదా అని ఆరో తరగతి పిల్లవాడు తడబడితే వాణ్ని కోప్పడటం అన్యాయం.

కళ్లద్దాల్లో ఈ సంఖ్యలు నిజంగానే కూడికలు చేస్తాయి. పవర్ అంటే డయాప్టర్లు, మీటర్లలో నాభ్యంతరానికి (ఫోకల్ లెంగ్త్‌కు) విలోమం, అంటే 1ని దానితో భాగిస్తే వచ్చేది. −2 ఉన్న కన్నుకు అద్దాలు లేకుండా అర మీటరు దాకా స్పష్టంగా కనిపిస్తుంది, అది దాటితే మసక. ఆ మనిషికి 45 ఏళ్లు వచ్చి, దగ్గరి చూపు కోసం డాక్టర్ +1.5 కలిపారనుకుందాం. చదివే అద్దం −2 + 1.5 = −0.5. నలభై దాటాక పక్కవాళ్లంతా పేపర్ చదవడానికి అద్దాలు వెతుక్కుంటుంటే, మైనస్ సైట్ ఉన్నవాళ్లు ఉన్న అద్దాలు తీసేసి హాయిగా చదువుకోవడం ఇందువల్లే.

మైనస్ గుర్తు లేకుండా తిరిగే రుణ సంఖ్యలూ ఉన్నాయి. భూగర్భ జలాల నివేదికల్లో నీటిమట్టం 8 మీటర్లు, 12 మీటర్లు అని రాస్తారు, అది నేల నుంచి కిందకు లోతు. అంకె పెరిగితే నీళ్లు పోయినట్టు. తొందరలో చదివేవాళ్లు దీన్ని తిరగేసి అర్థం చేసుకోవడం మామూలే. నేలను సున్నా అనుకుని −8, −12 అని రాసుకుంటే తికమక ఉండదు, పైగా మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. బోరులో నీళ్లు ఏడాదికి ఒక మీటరు చొప్పున తగ్గుతున్నాయి, అంటే మార్పు −1. నాలుగేళ్ల తర్వాత 4 × (−1), నీళ్లు ఇప్పటికంటే 4 మీటర్లు కింద. నాలుగేళ్ల క్రితం? కాలం వెనక్కి కాబట్టి −4. (−4) × (−1) = +4, అప్పట్లో నీళ్లు 4 మీటర్లు పైనే ఉండేవి. రైతుకు ఇందులో వింతేమీ కనిపించదు. గుణకార సూత్రాన్ని గుర్తులతో మొదలుపెట్టకుండా ఇలా మొదలుపెడితే బళ్లో సగం గోల తగ్గుతుంది.

డబ్బు దగ్గరకు వస్తే సున్నాతో పాటు ఇంకో చిక్కు ఉంది: ఆ పుస్తకం ఎవరిది? మన ఖాతాలో పదివేలు వేస్తే పాస్‌బుక్‌లో క్రెడిట్ అని పడుతుంది. బ్యాంకు తరఫున చూస్తే ఆ పదివేలు మనకు తిరిగివ్వాల్సిన బాకీ. మన ప్లస్ వాళ్ల మైనస్. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో మనం కట్టాల్సింది మామూలు అంకెగా, పొరపాటున ఎక్కువ కడితే ఆ ఎక్కువ మైనస్‌గానో, పక్కన ‘సీఆర్’ అనో కనిపిస్తుంది. అది చూసి బాకీ అనుకుని మళ్లీ కట్టేవాళ్లుంటారు. సేవింగ్స్ ఖాతాలో నిల్వ తక్కువైందని వేసే జరిమానాల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే బ్యాంకులకు చెప్పింది. ఈ సంగతి ఖాతాదారుల్లో చాలామందికి తెలియకపోవడం బ్యాంకులకు సుఖమే.

అప్పులతో రుణ సంఖ్యల బంధం చాలా పాతది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనం, ఋణం, శూన్యం అనే మూడింటితో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో నియమాలు రాశాడు. రెండు ఋణాల లబ్ధం ధనం అన్నది అందులోనే ఉంది. అంతకుముందే చైనాలో లెక్కల పుల్లలతో ఈ పని చేసేవాళ్లు, ఎర్రవి ధనానికి, నల్లవి ఋణానికి. ఇవాళ్టి అకౌంటెంట్లు నష్టాన్ని ఎర్ర సిరాతో రాసే అలవాటుకు సరిగ్గా ఎదురు. మన వర్తకుల చిట్టా పుస్తకాల్లో మాత్రం జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసుకుంటూ మైనస్ గుర్తుతో పనే లేకుండా వ్యాపారాలు నడిపేశారు.

నియమాలు తెలిసినంత మాత్రాన మనసు ఒప్పుకోదు. పన్నెండో శతాబ్దపు భాస్కరాచార్యుడు ‘బీజగణితం’ అనే గ్రంథంలో ఇచ్చిన కోతుల లెక్క దీనికి మంచి సాక్ష్యం. కోతుల గుంపులో అయిదో వంతులోంచి 3 తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒక్కటి చెట్టు మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని? సమీకరణానికి 50, 5 రెండూ సరిపోతాయి. 50లో అయిదో వంతు 10, మూడు పోతే 7, దాని వర్గం 49, చెట్టు మీద ఒకటి. 5 అయితే అయిదో వంతు 1, అందులోంచి 3 తీస్తే −2, వర్గం 4, చెట్టు మీద ఒకటి కలిపి 5. లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా రెండోది తీసుకోకూడదన్నాడు భాస్కరుడు, ఎందుకంటే ఋణ రాశిని జనం ఒప్పుకోరు. ఆయన ఇక్కడ పిరికిగా వెనక్కి తగ్గాడని అనడం సరికాదు. కోతుల్ని లెక్కపెట్టేటప్పుడు సున్నా మనం పెట్టుకున్న గుర్తు కాదు, అదే నిజమైన అడుగు. ఒక కోతిలోంచి మూడు కోతుల్ని తీయలేం.

ఏది గుర్తు, ఏది అడుగు అన్నది ముందే తెలియకపోతే ఎంత ఖర్చవుతుందో 2020 ఏప్రిల్ 20న తేలింది. వస్తువు ధరకు సున్నాయే అడుగు అని అప్పటిదాకా చాలామంది నమ్మకం. లాక్‌డౌన్లతో ప్రపంచమంతా వాహనాలు ఆగిపోయాయి. అమెరికా ముడిచమురు మే నెల కాంట్రాక్టు (ముందే ఒప్పుకున్న ధరకు మే నెలలో చమురు తీసుకుంటామనే ఒప్పందం) గడువు మర్నాడే. కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్లు ఓక్లహామాలోని కుషింగ్‌లో చమురు తీసుకోవాలి, అక్కడ ట్యాంకుల్లో చోటు లేదు. దాంతో బాబ్బాబు, డబ్బిస్తాం, తీసుకుపోండి అనే పరిస్థితి వచ్చింది. పాత ఇల్లు కూల్చాక ఆ రాళ్లూరప్పలు ఎత్తుకెళ్లమని ట్రాక్టర్ వాళ్లకు మనమే డబ్బివ్వడం లాంటిదే ఇది. ఆ రోజు ధర బ్యారెల్‌కు −37.63 డాలర్ల దగ్గర ముగిసింది.

మన దేశంలో ఇలాంటి సరుకుల కాంట్రాక్టులు కొని అమ్మే ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్, లాక్‌డౌన్ వేళల ప్రకారం ఆ సాయంత్రం 5 గంటలకే మూతపడింది. అప్పటికి ఇక్కడ ధర బ్యారెల్‌కు 965 రూపాయలు. అమెరికాలో పతనం మన టైము ప్రకారం రాత్రి జరిగింది. కాంట్రాక్టు లెక్క అమెరికా ధరను బట్టే తేలాలి కాబట్టి ఎంసీఎక్స్ చివరకు −2,884 రూపాయల దగ్గర ముగించింది. ఒక లాటుకు 100 బ్యారెళ్లు. 965 దగ్గర ఒక లాటు కొన్నవాడు, ధర సున్నాకు పడినా పోయేది 96,500 అనుకుని పడుకున్నాడు. లేచేసరికి నష్టం (965 + 2,884) × 100, అంటే 3,84,900 రూపాయలు. బ్రోకర్లు కోర్టుకెక్కారు. ధర మైనస్‌లోకి పోవచ్చని అమెరికా ఎక్స్ఛేంజీ అంతకు కొద్దిరోజుల ముందే హెచ్చరించి తన కంప్యూటర్లను సిద్ధం చేసుకుంది, ఆ మాట ఇక్కడ పట్టించుకున్నవాళ్లు తక్కువ. వడ్డీ రేట్ల విషయంలో ఈ అడుగు అప్పటికే ఒకసారి కూలింది: యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 2014లో, జపాన్ 2016లో తమ దగ్గర బ్యాంకులు దాచుకునే డబ్బుకు మైనస్ వడ్డీ పెట్టాయి. జపాన్ దాన్ని 2024 మార్చిలో గానీ తీసేయలేదు.

ఇక వార్తల్లో ఎక్కువగా మోసపుచ్చేది శాతాల ముందు మైనస్. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతాయి. ద్రవ్యోల్బణం 6 నుంచి 4కి దిగిందంటే ధరలు తగ్గినట్టు కాదు, పెరిగే వేగం తగ్గింది. ధరలు నిజంగా తగ్గాలంటే ఆ అంకె సున్నా దాటి మైనస్‌లోకి రావాలి. టోకు ధరల ద్రవ్యోల్బణం 2023లో కొన్ని నెలలపాటు అలా వచ్చింది కూడా. రెండోది, కిందకు దిగిన శాతం, పైకెక్కిన శాతం ఒకటే అంకె అయినా అవి రద్దయిపోవు. 100 రూపాయల షేరు −50 శాతమైతే 50 అవుతుంది. అక్కడినుంచి +50 శాతం ఎక్కితే 75 దగ్గరే ఆగుతుంది.

లాక్‌డౌన్ తొలి మూడు నెలల్లో, అంటే 2020 ఏప్రిల్–జూన్‌లో మన జీడీపీ వృద్ధి −23.9 శాతమని మొదట ప్రకటించి, తర్వాత −24.4గా సవరించారు. ఏడాది తిరిగేసరికి అదే మూడు నెలలకు +20.1 శాతం వృద్ధి అన్నారు, రికార్డు అని పతాక శీర్షికలు వచ్చాయి. 24.4 పోయి 20.1 వచ్చింది కదా, మిగిలిన లోటు నాలుగు శాతమేగా అనిపిస్తుంది. 2019 నాటి ఉత్పత్తిని 100 అనుకుంటే 2020లో 75.6. దాని మీద 20.1 శాతం కలిపితే 90.8. లోటు తొమ్మిదికి పైనే. పాత స్థాయిని అందుకోవాలంటే ఆ ఏడాది వృద్ధి 32 శాతం దాటి ఉండాల్సింది.